ఆది లేని జాకెట్టు

ఎల్లారెడ్డిలో సిద్ధిరాములు దగ్గర జాకెట్టు కుట్టించుకోని ఆడమనిషి ఉందంటే, ఆమె మొన్ననే కాపురానికి వచ్చి ఉండాలి, లేదంటే సిద్ధిరాములుతో తగువు పడి ఉండాలి. తగువు పడినవాళ్ళు కూడా పండగ దగ్గర పడేసరికి మెత్తబడి మళ్ళీ ఆయన షాపు మెట్లే ఎక్కుతారు. బస్టాండు నుంచి బజారులోకి తిరిగే మూల మీద 'తార లేడీస్ టైలర్స్' అని బోర్డు. తార ఆయన భార్య. పెళ్ళికి ముందు ఆ షాపుకు వేరే పేరేదో ఉండేది. అది ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు, సిద్ధిరాములుకు అసలే లేదు.

ఆయన పనికి వంక పెట్టేవాళ్ళు లేరు. చంక దగ్గర ఒక్క ముడత రానివ్వడు. కాకపోతే ఆయనకో పట్టింపు ఉంది. ఆడవాళ్ళ ఒంటి మీద టేపు పెట్టడు. ఒంటికి బాగా అమరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇవ్వాలి. దాన్ని ఆది అంటారు. ఆ ఆదిని బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, దాని లెక్కన కొత్త గుడ్డ కత్తిరిస్తాడు. "ఆది తేండ్రి. ఆది లేకుంటే నేను కత్తెర పట్ట" అని ముఖం మీదే చెప్పేస్తాడు. కొలతలు తీసుకొమ్మని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, ఆయన చెవులు ఎర్రబడతాయి. ఊళ్ళో మగవాళ్ళు ఏ అనుమానం లేకుండా ఇంటివాళ్ళను ఆయన షాపుకు పంపుతారంటే ఆ పట్టింపు వల్లే. అది తన ఇజ్జత్ అని సిద్ధిరాములు నమ్మకం.

ఆ పట్టింపుతో తంటాలూ ఉన్నాయి. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా పెళ్ళినాటి జాకెట్టే ఆదిగా తెచ్చి ఇచ్చి, "గిదేంది సిద్ధన్నా, గింత బిగుతుగ కుట్టినవ్?" అని కొట్లాటకు వచ్చేవాళ్ళు ప్రతి పండక్కీ ఉంటారు. "మనిషి పెరుగుతది గని ఆది పెరుగుతదా అక్కా?" అంటాడు ఆయన, అంతే ఓపికగా. అందరికీ ఇంత తెలివిగా చెప్పే మనిషి తన ఇంటికి వచ్చేసరికి అదే తప్పు చేశాడు. ఎంత తెలివైనవాడికైనా తన ఇల్లు దగ్గరే కళ్ళు మసకబారతాయి కాబోలు.

మూడేళ్ళ కిందట తారకు ఎడమ రొమ్ములో గడ్డ కనపడింది. ఆ ముచ్చట సాగదీసి చెప్పడం తారకు ఇష్టం లేదు కాబట్టి మనమూ సాగదీయొద్దు. హైదరాబాదులో రొమ్ము తీసేశారు, మందులు ఎక్కించారు, ఊళ్ళోవాళ్ళు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషనూ ఇచ్చారు. జుట్టు పోయింది, వచ్చింది. పోయినప్పుడు సాదాగా ఉన్న జుట్టు, వచ్చేటప్పుడు ఉంగరాలు తిరిగి వచ్చింది. "పైసలు పెట్టి బ్యూటీ పార్లర్ల చేపిచ్చుకుంటరు గిది. నాకు ఫిరీగ అయ్యింది" అని తార అద్దం ముందు నిలబడి మురిసిపోయింది.

ఇప్పుడామె బాగుంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. పొద్దున లేచి కామారెడ్డి రోడ్డు మీద ఎండెక్కేదాకా నడుస్తుంది. గోడకు నిలబడి వేళ్ళతో పైకి పాకుతూ చెయ్యెత్తే కసరత్తు చేస్తుంది. ఎడమ చేతికి సూది గుచ్చనివ్వదు, ఆ చేత్తో బరువు మొయ్యదు. ఇవి తప్ప మిగతా బతుకంతా ఎప్పటిలాగే ఉంది. నిజం చెప్పాలంటే ఎప్పటికన్నా బాగుంది. ఇదివరకు నలుగురికి వడ్డించి అడుగంటింది తినే మనిషి, ఇప్పుడు వేడివేడిగా ముందు తనే వడ్డించుకుంటోంది. వంకాయ కూర కారంగా తినాలనిపిస్తే కారంగా వండుకుంటోంది. అరటిపండ్లు పట్టుకొని వచ్చి, దీర్ఘాలు తీస్తూ "ఎట్లున్నవ్ బిడ్డా" అని ఏడుపు ముఖం పెట్టేవాళ్ళను చూస్తేనే ఆమెకు మంట. "నేను మంచిగనే ఉన్న. నీకేమైంది, ముఖం గట్ల వెట్టినవ్?" అని అడిగేస్తుంది. అలా అడిగించుకున్నవాళ్ళు రెండోసారి అరటిపండ్లు తేరు.

ఇంత సుఖంలోనూ తారకు ఒక ముల్లు ఉంది. అది సిద్ధిరాములు మంచం.

ఆపరేషనై ఇంటికి వచ్చిన రోజు, "రాత్రి నిద్రల నా చెయ్యి తగుల్తదేమో" అని ఆయన తన మంచం ముందు గదిలో వేసుకున్నాడు. అప్పుడది మంచి మాటే. తార కూడా మంచి మాట అనే అనుకుంది. ఆ మంచం ఇంకా అక్కడే ఉంది. ఆమె నీళ్ళ బిందె ముట్టుకుంటే పరుగెత్తుకొచ్చి లాక్కుంటాడు, చీర మడతపెట్టబోతే తను పెడతాడు, బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, ఇద్దరి మధ్యా సంచి పెడతాడు. సేవలో లోటు లేదు. కానీ చెయ్యి పట్టుకోడు. బట్టలు మార్చుకునేటప్పుడు గదిలోకి వస్తే, వచ్చిన కాళ్ళతోనే వెనక్కి వెళ్ళిపోతాడు. అంతకుముందు ఎన్నేళ్ళుగానో ఏ కొత్త గుడ్డ వచ్చినా ముందు భార్యకు కుట్టిపెట్టిన మనిషి, ఈ మూడేళ్ళలో ఆమెకు ఒక్క జాకెట్టు కుట్టలేదు. 'ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత' అని తార వేళాకోళం ఆడింది. ఆయన నవ్వలేదు. తన ఒళ్ళంటే ఆయనకు రోత పుట్టిందని అప్పుడే తార మనసులో పడింది. పడిన మాట అక్కడే ఊరుతూ ఉంది.

పాత జాకెట్లే వేసుకునేది. ఎడమ పక్క ఖాళీగా జారుతుంటే ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా. మొదట దూది పెట్టింది. దూదికి బరువు లేదు, నడుస్తుంటే మెల్లగా భుజం దాకా ఎక్కి వచ్చేది. బరువుండాలని సంచిలా కుట్టి పెసర్లు పోసింది. అది కుదురుగా కూర్చుంది. తార పొంగిపోయి, వానాకాలంలో రెండు రోజులు వరసగా తడిసి, దాన్ని మేకుకు తగిలించి మరిచిపోయింది. మూడోనాడు చూస్తే సంచి కుట్టులోంచి తెల్లటి మొలకలు తొంగిచూస్తున్నాయి. గోడ అవతల బీడీలు చుట్టుకునే గంగాబాయికి ఆ సంచి చూపిస్తే, ముసలామె ఒడిలోని చాట పక్కన పెట్టి కడుపు పట్టుకొని నవ్వింది.

"జర ఉప్పు, నిమ్మకాయ ఉంటే తీస్కరా బిడ్డా. పారేసుడెందుకు?" అంది.

తారా నవ్వింది. తరవాత పసిపిల్లల తల కింద పెట్టే ఆవాల దిండు గుర్తొచ్చింది. కూతురు నిరోష పుట్టినప్పుడు తనే కుట్టింది. ఆవాలు మొలకెత్తకుండా దోరగా వేయించి, మెత్తటి గుడ్డలో పోసి కుడితే, అది ఒంటికి అమరిపోయింది, అటూ ఇటూ జరిగినా మళ్ళీ తన చోటికి వచ్చింది. అప్పటినుంచి అదే. తన కష్టం తను ఇలా తీర్చుకుంటూ వచ్చింది గాని, ఇంట్లో దర్జీని పెట్టుకొని ఈ అవస్థ ఏమిటని లోపల్లోపల రగులుతూనే ఉంది.

ఆరు నెలలకోసారి కామారెడ్డిలో డాక్టరమ్మకు చూపించుకోవాలి. సిద్ధిరాములు షాపు మూసి వెంట వస్తాడు. కానీ గది గడప దాటడు. "ఆడోళ్ళ పరీక్ష, ఆడ డాక్టరు. నాకేం పని?" అని బయట బెంచీ మీద కూర్చుంటాడు. మూడేళ్ళుగా డాక్టరమ్మ చెప్పిన మంచీ చెడూ అంతా తార నోటి ద్వారా ఆయనకు చేరిందే. తార నోటికి రాని మాటలు ఆయనకు చేరనేలేదు.

ఈసారి డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, పరీక్ష చేసి, "అన్నీ బాగున్నాయి" అంది. పెన్ను మూసి, "మీ ఇద్దరూ ఎలా ఉన్నారు? దగ్గరగా ఉంటున్నారా?" అని అడిగింది.

తార బల్ల మీది గాజు పలక వంక చూసింది.

"ఆయన మంచం ముందర గదిల వేసుకుంటడు మేడం."

"ఎప్పటినుంచి?"

"ఆపరేషన్ అయినప్పటిసంది."

"మీకు ఏ అడ్డూ లేదు. ఆ మాట మొదటి ఏడాదే చెప్పాను కదా. ఆయనకు చెప్పారా?"

"గివన్నీ ఎట్ల చెప్తరు మేడం?"

"నోటితో" అంది డాక్టరమ్మ. "లేదంటే లోపలికి పిలవండి, నేను చెప్తాను."

"వద్దు వద్దు. సిగ్గుతోని సచ్చిపోతడు" అని తార చీర సర్దుకుని లేచింది.

తిరుగు బస్సులో తాడ్వాయి దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. ఇద్దరి మధ్యా సంచి ఉంది. రిపోర్టులు బాగున్న సంతోషంలో సిద్ధిరాములు మాత్రం మరమరాల పొట్లం విప్పి, మంచి పల్లీలు ఏరి ఆమె చేతిలో వేస్తున్నాడు. రోత ఉన్న మనిషి పల్లీలు ఏరి పెడతాడా? ప్రేమ ఉన్న మనిషి మధ్యలో సంచి పెడతాడా? తారకు ఏదీ తెగలేదు.

అంతలో నిరోష గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది. నిరోషా, అల్లుడు జీవన్ కామారెడ్డిలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆ రోజు తల్లి కూతురికి ఒడిబియ్యం పోయాలి. పీట మీద కూర్చున్న కూతురి కొంగులోకి దోసిళ్ళతో బియ్యం పోస్తుంటే, అటు చుట్టాలూ ఇటు చుట్టాలూ అందరి చూపూ తల్లి మీదే ఉంటుంది. నిరోష తల్లికి వంకాయ రంగు పట్టుచీర కొని పంపింది. జాకెట్టు గుడ్డ చీరతోనే వచ్చింది. తార ఆ గుడ్డ తీసుకెళ్ళి మొగుడి ముందు పెట్టింది.

"ఒడిబియ్యానికి కట్టుకుంట. దీనికి జాకెట్ కుట్టు."

ఆ మాట అని ఆయన ముఖం కేసే చూసింది. ఎట్లా కుట్టాలె, ఎడమ పక్క ఏం చేద్దాం, ఒకసారి చూడనీ అని అడుగుతాడని ఆమె ఆశ. అడిగితే చాలు, మిగతాది ఎలాగో తనే చెప్పేది. సిద్ధిరాములు గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి, "మంచి గుడ్డ" అని మడత పెట్టుకుని షాపుకు వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం అన్నానికి వస్తూ, పేపర్లో చుట్టి తెచ్చాడు. "వేసుకొని చూడు" అని, తను ముందు గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

జాకెట్టు చూసి తార కళ్ళు చెదిరాయి. అంచు ఎక్కడ అతికాడో కనపడటం లేదు. మెడ చుట్టూ సన్నటి పైపింగు, చేతులకు చీర అంచు. ఈమధ్య షాపులో ఎవరికీ ఇంత శ్రద్ధగా కుట్టలేదు. చెయ్యి పెట్టి తొడుక్కుంది. అప్పుడు తెలిసింది. ఎడమ పక్క కూడా కుడి పక్కంత నిండుగా ఉంది. లోపల స్పాంజి పెట్టి, పైన లైనింగు వేసి కుట్టేశాడు. షాపులో మేకుకు తగిలించి ఉన్న తార పాత ఆదిని బల్ల మీద పరిచి, దాని లెక్కనే కత్తిరించాడు. ఆ మనిషి ఇప్పుడు లేదు. ఉన్న మనిషి వంక చూడకుండా, లేని మనిషికి జాకెట్టు కుట్టి తెచ్చాడు.

"అయ్యిందా?" అని ముందు గదిలోంచి అడిగాడు.

"అయ్యింది."

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. ముఖం విచ్చుకుంది. "చూస్తివా, ఎవ్వలకు తెల్వది. ఎప్పటి లెక్కనే ఉన్నవ్" అన్నాడు. అంత సంతోషంగా ఆయన ముఖం చూసి చాలా రోజులైంది.

"మంచిగుంది" అని తార తలుపు దగ్గరికి వేసి, జాకెట్టు విప్పి, మంచం మీద కూర్చుని ఏడ్చింది. జబ్బు అని చెప్పిన రోజు కూడా అంత ఏడవలేదు.

ఆయన అన్నం తిని వెళ్ళగానే గంగాబాయి దగ్గరికి పోయి ఉన్నదంతా కక్కేసింది. ముసలామె చేతులు బీడీ చుట్టడం ఆపలేదు. ఆకు మడిచి, దారం చుట్టి పక్కన పడేస్తూ వింది.

"గాయన నిన్ను ఏమన్న అన్నడా?" అని అడిగింది చివరికి.

"అంటే గింత బాధ లేకపోవు గదా అవ్వా. ఏమనడు. ఏం జూడడు."

"మరి నువ్వు ఏమన్న అడిగినవా?"

తార ఒక బీడీ ఆకు తీసుకుని అంచు తుంచసాగింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటరు. మొగడు పెడ్తడా?" అంది గంగాబాయి. "నువ్వు అరటిపండ్లు తెచ్చినోళ్ళ నోరు మూయిస్తవ్ గని, కట్టుకున్నోని ముందర నోరు దెరవవైతివి. గోటితోని పొయ్యేదాన్ని గొడ్డలిదాక తెచ్చుకోకు. పో, పొయ్యి అడుగు."

"ఎట్ల అడుగుత? ఇంట్ల అడుగుదామంటే లేసి పోతడు."

"ఇంట్ల పోతడు. షాపుల యాడికి పోతడు?"

తార ఆ మాటకు ముసలామె ముఖం చూసింది. గంగాబాయి మాత్రం చాటలోని తంబాకు సర్దుకుంటోంది.

మర్నాడు వారపు అంగడి. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళతో సిద్ధిరాములు షాపు కిటకిటలాడే రోజు. తార తలస్నానం చేసింది, మంచి చీర కట్టుకుంది, బజారులో బంగారు రంగు జాకెట్టు గుడ్డ ఒకటి కొనుక్కుంది. ఇప్పుడు ఆయన ఛీ అన్నట్టు ముఖం తిప్పుకుంటే, ఆ ముఖం చూసుకుంటూ బతకాలి. అడగకపోతే అనుమానంతోనైనా బతకొచ్చు. బజారులో రెండుసార్లు ఆగింది. ఆగి, తన మీద తనకే కోపం వచ్చి, షాపు మెట్లెక్కింది.

బెంచీ మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో ఆదులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సిద్ధిరాములు కత్తెరతో ఉన్నాడు. భార్యను చూసి, "ఏమైంది? చెయ్యి నొస్తుందా?" అన్నాడు కంగారుగా.

"నొస్తలేదు. జాకెట్ కుట్టియ్యాలె" అని తార గుడ్డ బల్ల మీద పెట్టింది.

"మొన్ననే కుట్టిస్తి గదనే."

"అది నాకు రాలే. నీ షాపుల జాకెట్ రాకుంటే మళ్ళ కుట్టిస్తవ్ గద. అందరికి కుట్టిస్తవ్."

బెంచీ మీది ఆడవాళ్ళు ఇటు తిరిగారు. సిద్ధిరాములు మేకు వైపు చెయ్యి చాచాడు. "ఆది..."

"ఆది వద్దు. కొలత తీస్కో."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తారా, నేను ఆడోళ్ళకు టేపు..."

"నేను ఆడోళ్ళను కాదు. నీ పెండ్లాన్ని" అంది తార. "జర లోపటికి రా."

షాపు వెనక గుడ్డలు పెట్టుకునే చిన్న గది ఉంది, గుమ్మానికి తెర. తార అక్కడికి వెళ్ళి నిలబడింది. సిద్ధిరాములు బెంచీ వంక, మేకు వంక, తెర వంక చూసి, మెడలో టేపుతో వెనకే వచ్చాడు. తార తెర దగ్గరికి లాగింది. హుక్కులు తీసింది. ఆవాల సంచి తీసి గుడ్డల మీద పెట్టింది. పైట పక్కకు తీసి, ఆయనకు ఎదురుగా నిలబడింది. నిలబడింది గాని ఆయన ముఖం చూసే ధైర్యం లేక కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచి చూస్తే, సిద్ధిరాములు ముఖం తిప్పుకోలేదు. తల వంచి, అద్దాలు సర్దుకుని, ఆ గాటు వంకే చూస్తున్నాడు. చంక నుంచి ఛాతీ మధ్య దాకా సన్నగా, లేత రంగులో గీత.

"మానిపోయింది" అన్నాడు, నమ్మలేనట్టు.

"మూడేండ్లాయె. మానక?"

"నాకు తెల్వది." ఆయన టేపు కొసను వేలికి చుట్టుకున్నాడు. "దవాఖానల ఓ దినం నర్సు పట్టీ మారుస్తుంటే తెర సందుల నుంచి చూసిన. అన్ని కుట్లు. నల్లటివి, నెత్తుటితోని. నేను బట్టకు వేసే కుట్లే గవి. ఎంత గుంజితే ఏడ తెగుతదో నాకెరుక. గప్పటిసంది గదే కండ్లల్ల నిలవడ్డది. నేను తాకితే యాడ ఊడుతదో అని బుగులు. నువ్వు చెయ్యెత్తినా బుగులే."

"మరి గిది ఎప్పుడన్న చెప్పినవా?"

"నీ నొప్పి ముందర నా బుగులేం చెప్పుకోను?"

తార గుడ్డల మూట మీద కూర్చుంది. "నీకు నేనంటే రోత వుట్టిందనుకున్న" అంది.

సిద్ధిరాములు ఆమెను తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "పిచ్చిదానివానే నువ్వు?" అన్నాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, ఇంకా దగ్గరగా చూశాడు. కుట్టు మొదలైన చోటి నుంచి చివరిదాకా గీత వెంట కళ్ళు నడిపించాడు. ఏ షాపు పని చూసినా ఆయన అలాగే చూస్తాడు.

"ఎవలు కుట్టిండ్రో గని, మంచిగ కుట్టిండ్రు" అన్నాడు.

తార పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆయనా అంతే. తార ఆయన చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ గీత మీద పెట్టుకుంది. ఆయన వెనక్కి తీసుకోలేదు.

"నొస్తలేదా?"

"లేదు. జర మొద్దుబారినట్టుంటది, గంతే. డాక్టరమ్మ చెప్పింది, మనకు ఏ అడ్డు లేదంట."

"ఎప్పుడు చెప్పింది?"

"మొదటి ఏడాదే" అంది తార, నేల చూపులు చూస్తూ.

"మొదటి ఏడాదా!" సిద్ధిరాములు నోరు తెరిచాడు. "మరి నువ్వేం జేసినవ్ ఇన్నొద్దులు?"

తారకు నోరు గల మనిషని ఊళ్ళో పేరు, నోరు విప్పాల్సిన ఒక్క చోటా విప్పలేదు. ఇద్దరిదీ సరికి సరి.

ఆమెను లేపి నిలబెట్టి, ఆయన టేపు తీశాడు. కుడి పక్క వేరుగా, ఎడమ పక్క వేరుగా కొలిచాడు. భుజాలు కొలుస్తూ, ఎడమ భుజం కొంచెం పైకి లేచిందని, ఆ పక్క గుడ్డ ఎక్కువ వదలాలని తనలో తను అనుకున్నాడు. ఎడమ పక్క లోపల జేబులా కుట్టమంది తార. పెట్టుకోవాలనిపించిన రోజు ఆవాల సంచి పెట్టుకుంటుందట, వద్దనిపించిన రోజు లేదట. "రెండు తీర్ల మంచిగుండెటట్టు కుడ్త" అన్నాడాయన.

తెర బయట ఒకామె విసుక్కుంది. "ఏమాయెనే, సిద్ధన్న లోపటనే ఉండిపాయె? నా బస్సు పోతది."

"కొలతలు తీస్తుండు అక్కా" అని తార లోపలి నుంచే కేకేసింది. "టైం వడ్తది."

బయట బెంచీ బెంచీ అంతా నవ్వింది. సిద్ధిరాములు తల పట్టుకున్నాడు, కానీ ఆయన కూడా నవ్వుతున్నాడు. తార హుక్కులు పెట్టుకుంటుంటే, పై హుక్కు ఆయనే పెట్టాడు.

"ఇంటికి పోదమా?" అన్నాడు మెల్లగా.

"గిప్పుడా? అంగడి రోజు, గింతమంది కూసున్నరు."

"అంగడి వచ్చే వారం గూడ వస్తది" అని, సిద్ధిరాములు తెర తీసి ఆమె కంటే ముందు బయటికి నడిచాడు.